ఖతార్ పళ్ళు

పూర్తి పేరు యుస్తాకియా మగ్బనువా. ఆ పేరుతో పిలిస్తే పలకదు. మనీలాకి దూరంగా సముద్రపొడ్డున ఉన్న మా ఊరు పందానన్‌లో పుట్టినవాళ్ళందరికీ ఆమె తాక్యాయే. నేనూ ఆమె ఒకే బళ్ళో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. తర్వాత కొంచెం ముందూ వెనకగా ఇద్దరం దోహా చేరాం. నేను మందుల షాపులో, ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో.

కొత్త మనిషి ఎదురైతే ఎవరైనా ముఖం చూస్తారు, బట్టలు చూస్తారు. తాక్యా నోరు చూస్తుంది. మాట్లాడేటప్పుడు పై పెదవి ఎంతవరకు లేస్తోంది, ఏ పక్క నములుతున్నాడు, ఎక్కడ పన్ను లేదు, ఇవన్నీ చూడనట్టే ఉండి చూసేస్తుంది. "అలా చూడకే, పళ్ళ మధ్య ఏదో ఇరుక్కుందేమో అని వాళ్ళు తడుముకుంటున్నారు" అని నేను మోచేత్తో పొడిచేదాన్ని. "ఇరుక్కునే ఉంది. మునగాకు" అనేది చాలా మామూలుగా.

వాళ్ళ నాన్న ఎండుకొబ్బరి బస్తాలు పడవలకెక్కించే కూలి. తాక్యాకి పళ్ళ డాక్టర్ కావాలని ఉండేది. అంత చదువు చెప్పించే శక్తి ఆయనకి లేదు. ఇలోయిలో పట్నంలో ఒక ల్యాబు యజమాని ఇంట్లో ఉండి, వాళ్ళ బట్టలుతికి, వంట చేసి, కట్టుడు పళ్ళ పని నేర్చుకుంది. చేయి తిరిగాక దోహా వెళ్ళింది.

దోహా ల్యాబులో ఆమె పనిబల్ల గోడవైపు ఉండేది. క్లినిక్కుల నుంచి సుద్ద అచ్చులు డబ్బాల్లో వచ్చేవి. పై దవడ, కింది దవడ, పక్కన ఒక నంబరు. వాటికి పళ్ళు అమర్చి, మెరుగుపెట్టి, మళ్ళీ డబ్బాలో పెట్టి పంపేయాలి. అవి ఎవరి నోట్లోకి వెళ్ళాయో, పెట్టుకుని ఆ మనిషి ఏం తిన్నాడో, అద్దంలో చూసుకుని నవ్వాడో చిరాకుపడ్డాడో ఆమెకి తెలిసేది కాదు.

"ఇన్నేళ్ళుగా పళ్ళు చేస్తున్నానే కోరింగ్, నేను చేసిన పళ్ళతో ఒక్క మనిషి నవ్వగా చూడలేదు" అంది ఒక శుక్రవారం, మా గదిలో నూడిల్స్ వేయిస్తూ. మాటవరసకి అన్నట్టే అంది. నేనూ అలాగే విని ఊరుకున్నాను.

శుక్రవారాలు మా హైస్కూలు పూర్వవిద్యార్థుల సంఘం కలిసేది. అధ్యక్షుడు బోయెత్ సాల్సెదో, ఒక కట్టడాల కంపెనీలో ఫోర్‌మన్. పెద్ద గొంతు, మంచి మనసు, ఫోటోల పిచ్చి. బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టి, అందాల పోటీ పెట్టి, టికెట్లు అంటగట్టి, ఏటా ఏప్రిల్లో ఊళ్ళో ఉచిత వైద్యశిబిరం నడిపేవాళ్ళం. సెలవులు కలుపుకుని నర్సులు, ల్యాబు వాళ్ళు, నాలాంటి మందుల షాపు వాళ్ళు అందరం వెళ్ళేవాళ్ళం. పళ్ళ డాక్టర్ తూపాస్ మా అందరికంటే పెద్ద. మా బళ్ళోనే చదివి, దోహాలో ఒక క్లినిక్‌లో పనిచేసేవాడు. పొడుగు ముఖం, నెమ్మది మాట.

తాక్యా మొదటిసారి శిబిరానికొచ్చిన ఏడు బళ్ళో రేకుల కప్పు కింద బాస్కెట్‌బాల్ కోర్టులో బల్లలు వేశాం. వెనక పెద్ద బ్యానర్. దాని మీద మా అందరి ముఖాలూ, ఒక్కొక్కటి బిందెంత. డాక్టర్ తూపాస్ పొద్దుట్నుంచి పళ్ళు పీకుతూనే ఉన్నాడు. తాక్యా టార్చిలైటు పట్టుకునేది, పటకార్లు ఉడకబెట్టేది. మా ఊళ్ళో పళ్ళ డాక్టర్ లేడు. పన్ను నొప్పి పుడితే ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఏప్రిల్ దాకా ఓర్చుకునేవాళ్ళు. మేమొచ్చాక పీకించుకునేవాళ్ళు.

మధ్యాహ్నం లోలా మాసింగ్ వచ్చింది. లోలో అంటే తాత, లోలా అంటే అవ్వ. ఆ పిలుపులో ఉండే మెత్తదనం మాత్రం ఆవిడలో వెతికినా దొరకదు. బజార్లో చేపలమ్ముతుంది. బేరమాడినవాళ్ళని వాళ్ళ తాతల దాకా తిడుతుంది. మిగిలిన ముందుపళ్ళు కదిలిపోయి, చీముపట్టి ఉన్నాయి. తూపాస్ అన్నీ తీసేశాడు. ఆవిడ దూది కరుచుకుని లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"పీకేశారు, బానే ఉంది. పుణ్యం కట్టుకున్నారు. మరి రేపట్నించి నేను దేంతో నమలాలి? ఆ గుడ్డ మీద పళ్ళన్నీ బైటపెట్టి నవ్వుతున్నారుగా, అందులోంచి ఓ నాలుగు అప్పిస్తారా?"

కోర్టంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా బోయెత్ నవ్వాడు. తాక్యా నవ్వలేదు. టార్చిలైటు ఆర్పడం కూడా మర్చిపోయి ఆవిడ వెళ్ళినవైపే చూస్తూ నిలబడింది.

దోహా తిరిగొచ్చాక మొదటి శుక్రవారమే మీటింగులో లేచింది. మామూలుగా మీటింగుల్లో మాట్లాడే మనిషి కాదు.

"వచ్చే శిబిరంలో కట్టుడు పళ్ళు ఇద్దాం. నేను చేస్తాను."

"చాలా పెద్ద మనసే నీది" అన్నాడు బోయెత్. "కానీ మనం ఉండేది మూడ్రోజులు. విటమిన్లు పంచాలి, బీపీలు చూడాలి, మేయరుతో భోజనం ఉంది. మధ్యలో నువ్వు పళ్ళెప్పుడు చేస్తావ్?"

"ఈసారి అచ్చులు మాత్రమే తీసుకొస్తాను. ఇక్కడ కూర్చుని చేస్తాను. మరుసటేడు పట్టికెళ్ళి ఇస్తాను."

డాక్టర్ తూపాస్ తల అడ్డంగా ఊపాడు. "చెప్పుల కొలత కాదమ్మా ఇది. పన్ను పీకిన చోట చిగురు నెలల తరబడి కుంగిపోతూనే ఉంటుంది. ఈ ఏటి అచ్చుకి చేసిన పళ్ళు వచ్చే ఏటికి ఆ నోట్లో నిలవవు. ఎప్పుడో పళ్ళు పోయినవాళ్ళకైనా సరే, మధ్యలో మైనంతో పెట్టి చూడాలి, కొరికించి చూడాలి. మనిషి ఎదురుగా ఉండాలి."

"మనిషి ఎదురుగా లేకుండానే కదా డాక్టర్ నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నది?"

"నీ ఎదురుగా లేడు. ఇంకొకరి ఎదురుగా ఉన్నాడు."

 ఆమె కూర్చోలేదు. "అయితే ఆ ఇంకొకరు మీరవండి" అంది. చివరికి తూపాస్ ఒప్పుకున్నాడు. ఎప్పుడో పళ్ళు పోయినవాళ్ళకి మాత్రమే, అదీ కొద్దిమందికే అని షరతు పెట్టాడు.

మరుసటి ఏప్రిల్లో ఆ షరతు మొదటిరోజు మధ్యాహ్నం దాకా నిలిచింది. గులాబీరంగు ముద్ద నోట్లో పెట్టి అచ్చు తీస్తుంటే ముసలివాళ్ళు ఓకరించేవాళ్ళు. తాక్యా వాళ్ళ వీపు రాస్తూ, "ముక్కుతో ఊపిరి పీల్చు లోలో, సముద్రంవైపు చూడు" అనేది. వార్త ఊరంతా పాకింది. వరస గేటు దాటింది. అప్పుడే పళ్ళు పీకించుకుని రక్తం కారుతున్నవాళ్ళు కూడా వరసలో చేరారు.

"వీళ్ళకి వద్దు" అన్నాడు తూపాస్.

"పొమ్మని మీరే చెప్పండి. నా వల్ల కాదు."

"నేను చెప్పేది నీకు. మానకముందే అచ్చు తీస్తే దండగ."

"మళ్ళీ ఏడాదికి గానీ రాము డాక్టర్. ఎవర్ని ఆపమంటారు?"

ఆయన చేతులు కడుక్కుని పక్కకి తప్పుకున్నాడు. తాక్యా అందరికీ తీసింది. సుద్ద పోసి, ఆరబెట్టి, అడుగున మేకుతో పేర్లు గీకి, తువ్వాళ్ళలో చుట్టి దోహా పట్టుకొచ్చింది. నా తువ్వాళ్ళు కూడా పోయాయి.

ఆ ఏడాది ఆమెకి శుక్రవారాలు లేవు. ల్యాబు యజమాని హద్దాద్ లెబనాన్ మనిషి, మాటలో కరుకు ఉన్నా చెడ్డవాడు కాదు. మిగిలిపోయిన సరుకు వాడుకోనిచ్చాడు, తాళంచెవి ఇచ్చాడు. సంఘం వాళ్ళు పిక్నిక్‌కి రమ్మంటే "మాసింగ్ పై దవడ మైనంలో ఉంది" అనేది. అదేదో పొయ్యి మీద కూరలాగ. ఏప్రిల్ వచ్చేసరికి పెట్టె నిండింది. నేను చూశాను. ఒక్కో జత ఒక్కో డబ్బాలో, గులాబీరంగు చిగుళ్ళతో, తెల్లగా, ముచ్చటగా ఉన్నాయి. మనీలా విమానాశ్రయంలో కస్టమ్స్ అతను పెట్టె తెరిచి రెండు డబ్బాల మూతలు తీసి, వెంటనే మూసేశాడు.

"ఇవేంటి మేడం?"

"పళ్ళు."

"అది కనబడుతూనే ఉంది. ఎవరివి?"

"మా ఊరివి" అంది తాక్యా. అతను పెట్టె మూసి ముందుకి తోశాడు.

పంపిణీకి బోయెత్ వేదిక వేయించాడు. బ్యాండు మేళం, మేయరు, కెమెరాలు. పేరు పిలవగానే ఒక్కొక్కరూ ఎక్కి డబ్బా అందుకుని, అక్కడే పెట్టుకుని, జనంవైపు తిరిగి నవ్వాలని అతని ఏర్పాటు. ముందు తను ఒక్కొక్కరి నోరూ చూడాలని తాక్యా బతిమాలింది. "అంత టైం లేదు, మేయరు ఎండలో కూర్చున్నాడు" అన్నాడు బోయెత్.

మొదట ఎక్కిన ఆయనకి పై పళ్ళు వదులు. నాలుకతో పట్టుకుని నవ్వాడు. రెండో ఆవిడకి నోరు మూతపడలేదు. మూడోది లోలా మాసింగ్. పెట్టుకుంది, జనంవైపు తిరిగింది, "అందరికీ" అని ఏదో అనబోయింది. పై వరస ఊడి మేయరు కాళ్ళ దగ్గర పడింది.

ఆ నవ్వు నేను మర్చిపోలేను. పిల్లలు బెంచీలెక్కి మరీ నవ్వారు. బ్యాండువాడు డప్పు మీద ఒక దెబ్బ కూడా వేశాడు. మాసింగ్ ఒంగి, పళ్ళు తీసుకుని, తన భుజం మీది గుడ్డతో తుడిచి, తాక్యా చేతిలో పెట్టింది. అంత నోరున్న మనిషి ఒక్క తిట్టు తిట్టలేదు. దిగి వెళ్ళిపోయింది.

ఊరికి ఒక కొత్త మాట దొరికింది. వదులుగా ఉన్న దేన్నైనా ఖతార్ పళ్ళు అనేవాళ్ళు. గాలికి రేకు లేస్తే ఖతార్ పళ్ళు. ట్రైసికిల్ చక్రం ఊగితే ఖతార్ పళ్ళు. మాట మీద నిలబడని మొగుణ్ణి కూడా పెళ్ళాం అలాగే తిట్టడం నా చెవులారా విన్నాను.

మర్నాడు తాక్యా చెల్లెలింట్లోంచి బైటికి రాదనుకున్నాం. నేను వెళ్ళేసరికి సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కడికే?"

"ఇళ్ళకి. ఎవరికి ఎక్కడ ఒత్తుకుంటోందో చూడాలి."

"నవ్వుతారు."

"నవ్వనీ. నోరు తెరుస్తారుగా."

ఇల్లిల్లూ తిరిగింది. కొందరు తలుపు తీయలేదు. కొందరు కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళిచ్చారు. లోలో ఇన్యో అనే ముసలి వడ్రంగి మాత్రం పళ్ళు పెట్టుకునే ఉన్నాడు. తియ్యమంటే తియ్యడు. బలవంతంగా తీయించి చూస్తే చిగురంతా పుండు.

"ఇంత నొప్పి పెట్టుకుని ఎందుకు లోలో?"

"నువ్వు అంతదూరం నుంచి తెచ్చావు. తీసేస్తే బావుండదు కదమ్మా" అన్నాడాయన.

ఆమె అక్కడే గుమ్మం మీద కూర్చుని ఏడ్చింది. నేను చూసినంతలో ఈ వ్యవహారం మొత్తం మీద ఆమె ఏడవడం అదొక్కసారే.

సాయంత్రం డాక్టర్ తూపాస్ సముద్రపు గట్టు మీద కూర్చుని ఉంటే వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "మీరు చెప్పారు. నేను వినలేదు. కానివ్వండి, తిట్టండి" అంది.

"తిడితే చిగుళ్ళు పెరుగుతాయా?" అన్నాడాయన. పక్కన చోటు చూపించాడు. "వచ్చే ఏప్రిల్లో ఎన్నాళ్ళు ఉండగలవో చెప్పు."

"ఎన్నాళ్ళు కావాలి?"

"నాకు ఒక నెల. నీకు రెండు. పీకడం మొదటి వారమే ఆపేద్దాం. ఎప్పుడో పళ్ళు పోయినవాళ్ళే. కొద్దిమందే. ఒక్కొక్కరూ నాలుగైదుసార్లు రావాలి. రాకపోతే మనం వాళ్ళింటికి పోవాలి."

"సరే" అంది తాక్యా. రెండు నెలలు ఎలా దొరుకుతాయో ఆమెకి అప్పుడు తెలియదు.

హద్దాద్ ఒప్పుకోలేదు. సీజన్‌లో రెండు నెలలంటే వేరే మనిషిని చూసుకోవాలన్నాడు. "చూసుకోండి" అంది ఆమె. వేరే మనిషికి పని నేర్పింది కూడా తనే. ఆ ఏడాదంతా తన పని చేస్తూ, ఆ కొత్త నేపాలీ అమ్మాయికి దగ్గరుండి నేర్పింది. చివరికి హద్దాదే పిలిచి, "జీతం ఇవ్వను, ఉద్యోగం ఉంచుతాను, పో" అన్నాడు.

సంఘంలో అంతకంటే పెద్ద గొడవైంది. ఆ ఏడు శిబిరం బదులు ఒక్క గది నడుపుదామని తాక్యా అడిగింది. బోయెత్ లేచి నిలబడ్డాడు.

"ఒక్క గదిలో మైనం కరిగించడానికా మనం లీగ్ ఆడింది? పోయినేడు ఊరంతా నవ్వింది చాల్లేదా? నా ఫోన్లో ఆ వీడియో ఇంకా తిరుగుతోంది."

"తిరగనీ. అందులో ఊడిపడింది నేను చేసిన పళ్ళు. నీవి కావుగా?"

"సంఘం పరువు!"

"లోలా మాసింగ్ మూడేళ్ళుగా గంజి తాగుతోంది బోయెత్. పరువు సంగతి ఆవిడనడుగు."

చేతులెత్తించారు. నేను తాక్యావైపు ఎత్తాను. కొద్ది తేడాతో నెగ్గింది. బోయెత్ ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. కానీ ఏప్రిల్లో మేం ఊరు చేరేసరికి బళ్ళో వంటక్లాసుల గదికి కొత్త వైరింగు వేసి ఉంది. మాకంటే ముందే వచ్చి, పళ్ళు అరగదీసే మిషను తట్టుకునేలా లైను లాగి, కిటికీకి పంకా బిగించి, చెమటలు కక్కుతూ నిచ్చెన మీద ఉన్నాడు. "నాతో మాట్లాడకండి, ఇంకా కోపంగానే ఉన్నాను" అన్నాడు. ఆ ఏటి బ్యానర్ కూడా తెచ్చాడు. తాక్యా దాన్ని తిరగేసి, సుద్ద పడకుండా బల్ల మీద పరిచింది.

గది సిద్ధం. డాక్టర్ సిద్ధం. మనిషి రాలేదు.

రెండోరోజూ రాలేదు. ఊరు ఒకసారి మోసపోయింది. పిల్లలు కిటికీలోంచి తొంగిచూసి "ఖతార్ పళ్ళూ" అని అరిచి పారిపోయేవాళ్ళు. తూపాస్ పేపరు చదువుకునేవాడు.

మూడోరోజు తాక్యా తెల్లవారుతూనే బజారుకి వెళ్ళి, లోలా మాసింగ్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. కత్తి తీసుకుని చేపల పొలుసు గీకడం మొదలుపెట్టింది.

"ఏంటిది?" అంది మాసింగ్.

"సాయం."

"నిన్నెవరడిగారు? నీ సాయం ఒకసారి చూశాం. మేయరు కూడా చూశాడు."

"అవును, ఆయన బూటు మీద పడింది."

"నవ్వుతావేంటే సిగ్గులేకుండా?"

"సిగ్గు పోయినేడే అయిపోయింది లోలా. ఇప్పుడు పని మిగిలింది."

మాసింగ్ కొనేవాళ్ళందరి ముందూ ఆమెని తిట్టింది. గీకడం రాదంది, మాంసం పోతోందంది, దోహాలో చేతులు మెత్తబడ్డాయంది. తాక్యా వింటూ గీకింది. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. రమ్మని ఒక్కసారీ అడగలేదు. బజారుకొచ్చిన ప్రతివాళ్ళ నోరూ మాత్రం చూసింది.

ముందు వచ్చింది లోలో ఇన్యో. పాత జత చొక్కా జేబులోనే ఉంది. "దీన్ని కొంచెం చెక్కితే సరిపోతుందేమో" అన్నాడు, తలుపు సరిచేసేవాడిలాగ. తూపాస్ కూర్చోబెట్టి కొత్తగా అచ్చు తీశాడు. తాక్యా ఆ అచ్చు మీద ఆయన నోటికి మాత్రమే పట్టే, ముద్ద పెట్టే పళ్ళెం చేసి, దాంతో మళ్ళీ అచ్చు తీయించింది. మైనం దిమ్మలు పెట్టి కొరికించింది. పెదవులు కలుస్తున్నాయో లేదో చూడ్డానికి "మామా, పాపా" అనిపించింది. మైనంలో పళ్ళు గుచ్చి నోట్లో పెట్టి, ఆయన చేత కబుర్లు చెప్పించింది. ఆయన తను కట్టిన పడవల గురించి గంటసేపు చెప్పాడు. ఆమె పెదవులే చూస్తూ కూర్చుని, మధ్యలో ఆపి ఒక పన్ను వెంట్రుకవాసి లోపలికి నొక్కేది. తూపాస్ చేయి పెట్టి చూసి తల ఊపితేనే మైనం తీసేసి, ఆ చోట గులాబీరంగు చిగుళ్ళ ముద్ద నింపి వేడినీళ్ళలో ఉడికించేది. పళ్ళిచ్చాక కూడా ఆయన మూడుసార్లు వచ్చాడు. ఒత్తుకున్నచోట తాక్యా మిషనుతో ఇంత గీకేది.

మూడోసారి వచ్చినప్పుడు జేబులోంచి ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి తీశాడు. మా అందరి ముందూ కొరికాడు. నమిలాడు. ఇంకోసారి కొరికాడు.  కంకి సగం అయ్యాక తలెత్తి, గింజలంటిన పళ్ళతో తాక్యా వైపు చూసి నవ్వాడు.

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.  "ఎడమ పక్క ఎక్కువ నములుతున్నావ్ లోలో, రెండు పక్కలా నములు" అంది. 

మిగిలిన కంకి ఆయన దారిపొడవునా తింటూ వెళ్ళాడు. అంతకంటే ప్రచారం అక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి గదిలో చోటు లేదు. ఈసారి తాక్యాయే గుమ్మంలో నిలబడి, "నీకు పళ్ళు పోయి ఇంకా నెలలే అయింది, నువ్వు వచ్చే ఏడు" అని తిప్పిపంపేది. ఒక పిన్ని ఏడ్చింది, ఇంకొకాయన బూతులు తిట్టాడు. ఆమె కదల్లేదు. తూపాస్ లోపల్నుంచి విని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

లోలా మాసింగ్ అందరికంటే చివర్లో, బజారు కట్టేశాక వచ్చింది. కుర్చీలో కూర్చుని ముందే చెప్పేసింది. "నాకు ఆ తెల్లటి పళ్ళు వద్దు. చనిపోయినవాడి పళ్ళలా ఉంటాయి. ఇంకోటి, నా ముందుపళ్ళ మధ్య సందు ఉండేది. మా ఆయన ఆ సందు చూసే నా వెంటపడ్డాడు. అది పెట్టు."

"సందు పెడితే 'స' అనేటప్పుడు ఈల వస్తుంది లోలా."

"అప్పుడూ వచ్చేది. నా ఈల నాకు కావాలి."

తాక్యా కొంచెం పసుపు తిరిగిన పళ్ళు ఏరింది. మైనంలో సందు పెట్టి అద్దం చూపించింది. మాసింగ్ చాలాసేపు చూసి, "ఇంకొంచెం" అంది. ఇంకొంచెం పెట్టింది. "సార్డీన్లు సస్తా" అని తన బజారు కేక నాలుగుసార్లు వేసి చూసుకుని, ఈల సరిపోయిందని ఒప్పుకుంది.

అన్నీ కుదరలేదు. మాసింగ్ కింది దవడ ఎముక అరిగి చదునైపోయింది. పై వరస గట్టిగా పట్టింది. కింది వరస మాత్రం నాలుక కదిలితే లేచిపోయేది. ఎంత ప్రయత్నించినా ఆ ఏడు నిలవలేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు అసలు అలవాటు పడలేక డబ్బాలో పెట్టేసుకున్నారు. తూపాస్ నెలాఖరున వెళ్ళిపోయాడు. మిగతా నెల జిల్లా ఆరోగ్యశాఖ పళ్ళ డాక్టర్, ఒక కుర్రదాన్ని, వారానికి రెండుసార్లు రప్పించుకుని తాక్యా పని పూర్తిచేసింది. ఆ అమ్మాయిని రప్పించడానికి ఆఫీసు మెట్ల మీద ఎన్నిసార్లు కూర్చుందో చెల్లెల్ని అడగాలి.

ఆ తర్వాత కొన్నేళ్ళు అలాగే నడిచింది. ఏడాదంతా దోహాలో పని, ఏప్రిల్, మే ఊళ్ళో. సంఘంలో ఆమె పెట్టిన తీర్మానం ఒకటి నెగ్గింది. పీకిన నోటికి తర్వాత కట్టుడు పళ్ళు అమర్చడానికి మళ్ళీ వచ్చే మనిషి ఎవరో ముందు తేలితేనే ఆ ఏడు పళ్ళు పీకడం. దాన్ని బలపరిచింది బోయెత్. నేనైతే నమ్మలేకపోయాను. అడిగితే, "వైరింగు వేశాను కదా, వాడకపోతే పాడవుతుంది" అన్నాడు.

కిందటేడు తాక్యా దోహా వదిలి పూర్తిగా వచ్చేసింది. మునిసిపల్ ఆరోగ్యకేంద్రం వెనక ఒక గది ఇచ్చారు. కరెంటు తరచుగా పోతుంది. పక్క దీవుల నుంచి పడవల్లో వస్తున్నారు. నేను ఈ ఏప్రిల్లో సెలవుకి వెళ్ళినప్పుడు చూడ్డానికి వెళ్ళాను. చాలాకాలం తర్వాత కలిశాం కదా, కాఫీ తాగుతూ కూర్చోవచ్చనుకున్నాను. లోపల లోలా మాసింగ్ కుర్చీలో ఉంది. తాక్యా ఆవిడ కింది దవడకి మళ్ళీ కొత్త అచ్చు తీస్తోంది. ఇది ఎన్నోదో ఆవిడే లెక్కపెట్టడం మానేసిందట.

"దీన్ని వదిలెయ్యమని చెప్పు కోరింగ్, నీ మాటైనా వింటుందేమో" అంది మాసింగ్, ముద్ద ఉన్న నోటితో. "పైవాటితో బానే లాగిస్తున్నాను. ఇంకెన్నాళ్ళుంటాను?"

"మాట్లాడకు లోలా, అచ్చు కదులుతుంది" అంది తాక్యా. పళ్ళెం పట్టుకున్న వేలు తియ్యకుండానే గడ్డంతో నాకు గోడ మీది మేకు చూపించింది. అక్కడ ఒక ఆప్రాన్ వేలాడుతోంది. "ఊరికే నిలబడకు. ఆ తొట్టెలో పళ్ళేలున్నాయి, సుద్ద ఎండిపోకముందే కడుగు."

నేను చొక్కా చేతులు పైకి మడిచి తొట్టె దగ్గరికి వెళ్ళాను.